బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920): ఆ ఇల్లు నిజంగానే తిరిగిందా?

#1 పెసరట్టు66 (శనివారం, రాత్రి 11:40)

మధ్యాహ్నం భోజనం అయ్యాక కునుకు తీద్దామని పడుకుని, ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఈ సినిమా తగిలింది. ‘వన్ వీక్’. అమెరికా హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్‌ది, 1920 సెప్టెంబర్‌లో విడుదల. మాటల్లేవు, రెండు రీళ్ల సినిమా. ఐదు నిమిషాలు చూసి పడుకుందాం అనుకున్నాను. కునుకు పోయింది, టీ టైమూ పోయింది, ఇప్పటికి మూడుసార్లు చూశాను.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. కొత్తగా పెళ్లయిన జంటకి బంధువు ఒకాయన స్థలం, ఇల్లు బహుమతి ఇస్తాడు. ఇల్లు అంటే కట్టిన ఇల్లు కాదు, పెట్టెల్లో విడి ముక్కలుగా వస్తుంది. ఒకటో నంబర్ పెట్టె, రెండో నంబర్ పెట్టె, అలా వరసగా విప్పి, కాగితంలో చెప్పినట్టు బిగించుకోవాలి. ఆ పిల్లని చేసుకోవాలనుకుని భంగపడ్డవాడు ఒకడు ఉంటాడు. వాడు రంగు డబ్బా పట్టుకొచ్చి పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. 1ని 4 చేస్తాడు, 3ని 8 చేస్తాడు. ఇక చూడండి. మనవాడు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేస్తాడు. తలుపు పై అంతస్తులో గాల్లోకి తెరుచుకుంటుంది, కిటికీలు వంకర, పైకప్పు ఇంటికి సరిపోదు. ముసలాయనకి చిన్నపిల్లాడి టోపీ పెట్టినట్టు ఉంటుంది.

నా సందేహాలు రెండు. ఒకటి, గాలివానలో ఇల్లు మొత్తం రంగులరాట్నంలా గిర్రున తిరుగుతుంది కదా, అది బొమ్మ ఇల్లా, నిజం ఇల్లా? రెండు, ఒక చోట ఈ సినిమా 19 నిమిషాలు ఉంది, ఇంకో చోట 25. ఎక్కడైనా కత్తిరించారా?

చివర్లో ఏమవుతుందో మాత్రం ఇక్కడ చెప్పను. చూసినవాళ్లు కూడా స్పాయిలర్ అని రాసి చెప్పండి.

#2 సివిల్_సూరి (శనివారం, రాత్రి 11:58)

పెసరట్టు గారూ, నిద్రపోయే టైంలో ఇలాంటివి పెడితే ఎలాగండీ. చూసేశాను ఇప్పుడే.

నేను ఇరవై రెండేళ్లుగా సైట్లమీద ఉన్నవాణ్ణి. ఈ సినిమాలో నాకు నవ్వు రాకముందు చెమట పట్టింది. విలన్ నంబర్లు మార్చడం సరే, అది కథ కోసం. కానీ అసలు దెబ్బ చివర్లో ఉంది. స్పాయిలర్: ఇన్ని తిప్పలు పడి ఇల్లు కట్టాక, అది వాళ్ల ప్లాటే కాదని తెలుస్తుంది. ప్లాటు నంబర్ బోర్డు తలకిందులుగా ఉంది. 99 అనుకున్నది 66. వాళ్ల స్థలం రైలు పట్టాలకి అవతల.

నవ్వకండి. నా మొదటి ఉద్యోగంలో ఒక వెంచర్‌లో మార్కింగ్ తప్పుపోయి పక్క ప్లాటులో పునాదులు తవ్వేశాం. ఫుటింగ్ వేసి, కంకర పోసి, సాయంత్రం తాపీగా టీ తాగుతుంటే ఆ ప్లాటు ఓనర్ స్కూటర్ మీద వచ్చాడు. స్కూటర్ దిగలేదు. హెల్మెట్ తియ్యలేదు. “ఎవరు బాబూ మీరు?” అన్నాడు. కీటన్ ఆ బోర్డు తిప్పి చూసుకున్నప్పుడు ముఖం ఎలా పెట్టాడో, మా మేస్త్రీ ముఖం అచ్చం అలాగే ఉంది ఆ రోజు.

బై ద వే, మీ పేరు తలకిందులు చేస్తే పెసరట్టు99 అవుతుంది. జాగ్రత్త.

#3 ఈతరం_కుర్రాడు (ఆదివారం, ఉదయం 9:15)

అందరూ ఇంత మెచ్చుకుంటున్నారని టిఫిన్ చేస్తూ పెట్టాను. ఆరో నిమిషంలో ఆపేశాను. సారీ.

మనుషులు చీమల్లా పరిగెడుతున్నారు, వెనకాల ఎవరో పియానో మీద సుత్తితో కొడుతున్నట్టు మ్యూజిక్. హీరో ముఖంలో ఒక్క ఎక్స్‌ప్రెషన్ లేదు. పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. వందేళ్ల క్రితం అయితే ఓకే. ఇప్పుడు పదిహేను సెకన్ల రీల్‌లో ఇంతకంటే ఎక్కువ నవ్విస్తున్నారు. పాతది కాబట్టి గొప్పది అనే బ్యాచ్‌లో నేను లేను.

#4 రీలు_డబ్బా (ఆదివారం, ఉదయం 10:30)

బాబూ కుర్రాడూ, నీ తప్పు లేదు. నువ్వు చూసిన కాపీది తప్పు. చీమల్లా పరిగెడుతున్నారు అన్నావు చూడు, అదే పెసరట్టు గారి రెండో సందేహానికి జవాబు.

నేను థియేటర్లో ఆపరేటర్‌గా ముప్ఫై ఏళ్లు చేశాను, ప్రొజెక్టర్ వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మార్చిన కాలం నుంచి. కొంచెం లెక్క చెబుతాను, ఓపిగ్గా వినండి. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక అడుగుకి 16 ఫ్రేములు. ఒక రీలు దాదాపు వెయ్యి అడుగులు. అంటే 16 వేల ఫ్రేములు. సౌండ్ సినిమా వచ్చాక సెకనుకి 24 ఫ్రేములని ఖాయం చేశారు. ఆ లెక్కన వెయ్యి అడుగులు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రెండు రీళ్లయితే 22 నిమిషాలు. మూకీల కాలంలో అలాంటి ఖాయం లేదు. కెమెరా చేత్తో తిప్పేవారు. సెకనుకి 16 తిప్పేవాడు ఉన్నాడు, 20 తిప్పేవాడూ ఉన్నాడు. హాల్లో ప్రొజెక్టర్ తిప్పేవాడికి వాడి లెక్క వాడిది. అదే రెండు రీళ్లు సెకనుకి 16 చొప్పున వేస్తే ముప్పావు గంటకి కాస్త తక్కువగా, 33 నిమిషాలు పడుతుంది.

అందుకే ఒక్కో చోట ఒక్కో నిడివి. కత్తిరించారని అనుకోనక్కర్లేదు, వేగం తేడా. ‘చాలా స్పీడుగా తిప్పారు’ అనిపించే కాపీ దొరికితే దాన్ని వదిలేసి నెమ్మదిగా ఉన్నది వెతకండి. అయితే ఒక మాట. కామెడీకి కావాలనే కొంచెం నెమ్మదిగా తిప్పి తీసేవారు, తెర మీద కొంచెం చురుగ్గా కనపడాలని. కాబట్టి మరీ మన నడకలా ఉండాలని ఆశపడకండి. సాంబారులో కారం ఉండాలి, అంతే, కారంలో సాంబారు ఉండకూడదు.

ఇక ఆ పియానో సంగతి. దానికీ సినిమాకీ సంబంధం లేదు. ఎవరో తర్వాత అతికించింది. మ్యూట్ చేసి చూడు.

#5 ఈతరం_కుర్రాడు (ఆదివారం, ఉదయం 10:41)

> ముప్పావు గంటకి కాస్త తక్కువగా, 33 నిమిషాలు

సార్, 33 అంటే అరగంటకి కాస్త ఎక్కువ 😀

#6 రీలు_డబ్బా (ఆదివారం, ఉదయం 10:44)

అవునయ్యా, అరగంటే. ఇందుకే నన్ను టికెట్ కౌంటర్లో కూర్చోబెట్టలేదు, పైన క్యాబిన్‌లో పెట్టారు.

#7 డాలస్_పిన్ని (ఆదివారం, ఉదయం 11:20)

ఇక్కడ రాత్రి పొద్దుపోయింది కానీ ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోతున్నాను.

ఈ సినిమా మొదటిసారి హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో చూశాను. బాగుంది అనుకున్నాను, అంతే. పెళ్లయి ఇక్కడికొచ్చి, మా వీధిలో ఇళ్లు కట్టడం కళ్లారా చూశాక మళ్లీ చూస్తే అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాను. మనకి ఇల్లంటే ఇటుక, సిమెంటు, స్లాబు. గోడ అంటే కదలనిది. ఇక్కడ గోడ అంటే చెక్క చట్రం. నేలమీద పడుకోబెట్టి మేకులు కొట్టేసి, నలుగురు కలిసి “హుప్” అని లేపి నిలబెడతారు. మా పక్కింటి గోడ అలా లేవడం వంటింటి కిటికీలోంచి చూసి నేను కేక వేశాను. అది చూసినవాళ్లకి ఈ సినిమాలో గోడ తిరగబడటం, పడిపోవడం వింతగా ఉండదు. ‘అయ్యో, మేకు సరిగ్గా కొట్టలేదు’ అనిపిస్తుంది.

ఇంకో సంగతి. పెట్టెల్లో ఇల్లు రావడం అనేది కీటన్ కల్పన కాదు. పోస్టులో సరుకులమ్మే సియర్స్ అనే ఇక్కడి కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగ్ చూపించి ఇళ్లు అమ్మింది. బొమ్మ చూసి నచ్చిన ఇల్లు ఎంచుకుని ఆర్డర్ ఇస్తే, దూలాలు, తలుపులు, మేకులతో సహా రైల్లో వచ్చేవి. ప్రతి ముక్కకీ నంబర్. ఇలాంటి ఇళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవడం కొందరికి హాబీ.

అంతేకాదు, 1919లో ఫోర్డ్ కంపెనీ ‘హోమ్ మేడ్’ అని ఒక ప్రచార చిత్రం తీసింది, ఇలా ముందే తయారుచేసిన ఇల్లు ఎంత తేలిగ్గా కట్టుకోవచ్చో చెప్పడానికి. అందులో పెళ్లి ఉంది, ఫోర్డు కారు ఉంది, రోజులు గడిచినట్టు చూపించే క్యాలెండర్ కాగితాలు ఉన్నాయి. కీటన్ వాటినే తీసుకుని తిరగేశాడు. సోమవారం 9వ తేదీ, మంగళవారం 10... అలా కాగితం చిరిగినప్పుడల్లా ఇల్లు బాగుపడాలి కదా, ఇక్కడ చిరిగినప్పుడల్లా చెడుతుంది. అప్పటి ప్రేక్షకులకి ఆ ఎగతాళి వెంటనే తెలిసి ఉంటుంది.

#8 సివిల్_సూరి (ఆదివారం, మధ్యాహ్నం 12:05)

పిన్ని గారూ, ఈ క్యాలెండర్ మాట ఎత్తారు కాబట్టి. గృహప్రవేశానికి చుట్టాలని పిలిచింది ఏ రోజో చూశారా? శుక్రవారం 13. అమెరికా వాళ్లకి అది దుర్ముహూర్తం. మన భాషలో చెప్పాలంటే ఆషాఢంలో, అమావాస్య నాడు, రాహుకాలం చూసుకుని మరీ పాలు పొంగించినట్టు.

ఆపైన వాస్తు. ఇల్లు గిర్రున తిరుగుతుంటే ఈశాన్యం ఎక్కడ పెడతారు? సింహద్వారం ఒక్క నిమిషంలో ఎనిమిది దిక్కులకీ వెళ్లొస్తుంది. మా క్లయింట్ ఒకాయన వంటిల్లు ఆగ్నేయంలో లేదని కట్టిన గోడ కొట్టించాడు. ఆయనకి ఈ సినిమా చూపిస్తే ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుంది.

#9 పెసరట్టు66 (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

పిన్ని గారూ, ఆపరేటర్ గారూ, బోలెడు థ్యాంక్స్. కానీ నా మొదటి సందేహం అలాగే ఉండిపోయింది. ఇల్లు తిరగడం?

#10 రీలు_డబ్బా (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

నిజం ఇల్లే అండీ. పూర్తి సైజు ఇల్లు కట్టి, తిరిగే వేదిక మీద నిలబెట్టారు. కింద ఉన్న యంత్రాంగం కనపడకుండా భూమిలో కప్పేశారు. బొమ్మ ఇల్లయితే మీకు తెలిసిపోయేది. వాన నీళ్లు మాత్రం మోసం చెయ్యవు. బొమ్మ ఇంటి మీద పోస్తే చినుకు చెంబంత కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ సీన్ మళ్లీ పెట్టి కెమెరా ఎక్కడుందో చూడండి. దూరంగా, నిలబడిపోయి, కదలకుండా ఉంటుంది. ఇల్లు మొత్తం తెర మీద కనపడుతుంది. కీటన్ బయట పడిపోయాడు, లోపలికి వెళ్లాలి. గుమ్మం తిరుగుతూ వస్తుంది, గెంతుతాడు, ఈలోపు గుమ్మం పోయి గోడ వస్తుంది, గోడకి కొట్టుకుని వెనక్కి పడతాడు. మళ్లీ లేస్తాడు. నడుస్తున్న బస్సు ఎక్కబోయి జారిపోయినవాడిలా. ఇదంతా ఒకే షాట్‌లో చూస్తాం కాబట్టి నవ్వు. అదే దగ్గరికి వెళ్లి కాలు, చెయ్యి, ముఖం అని ముక్కలు ముక్కలుగా చూపిస్తే ‘ఏదో ట్రిక్కు’ అనుకుని ఊరుకుంటాం. కీటన్ నమ్మకం అదే: మొత్తం చూపించు, ఏమీ దాచకు. ఈయన కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ అని, చెయ్యి గడియారంలా తిరిగేదని పేరు. కీటన్ సినిమాలు నిలబడటంలో ఆయన పాలు చాలా ఉంది, ఎవరూ చెప్పుకోరు.

కుర్రాడూ, ముఖంలో ఎక్స్‌ప్రెషన్ లేదన్నావు. ఆ ముఖమే కదయ్యా ఆయన పెట్టుబడి. ఈయన 1895లో పుట్టాడు. బాగా చిన్నతనంలోనే అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాడు, ‘త్రీ కీటన్స్’ అని. వాళ్ల నాన్న స్టేజీ మీద పిల్లాణ్ణి ఎత్తి విసిరేసేవాడు, జనం నవ్వేవారు. పడ్డ పిల్లాడు నవ్వితే జనం నవ్వు తగ్గేదని చిన్నప్పుడే కనిపెట్టాడు. నవ్వకుండా లేచి నిలబడితే హాలు అదిరిపోయేది. ఈ సినిమా వచ్చేనాటికి ఆయన వయసు 24. పాతికేళ్లు కూడా నిండలేదు.

#11 వరంగల్_వాణి (ఆదివారం, సాయంత్రం 4:45)

నేను టీచర్ని. పోయిన ఏడాది ఆరో తరగతి పిల్లలకి ఈ సినిమా చూపించాను, పరీక్షలు అయిపోయాక, ప్రొజెక్టర్ ఖాళీగా ఉందని. ఇంగ్లిష్ రాదు, చదవలేరు అనే టెన్షన్ లేదు కదా. మధ్యమధ్య వచ్చే రాత కార్డులు నేనే తెలుగులో చదివాను. రెండు మూడు కార్డులయ్యాక ఒక పిల్లోడు “టీచర్, మీరు చదవకండి, మాకు సమజ్ అయితుంది” అన్నాడు.

పిల్లలు ఎక్కడ ఎక్కువ నవ్వారో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఇల్లు తిరిగినప్పుడు కాదు, దానికి నోరెళ్లబెట్టి చూశారు. తివాచీ దగ్గర. కీటన్ గది అంతా తివాచీ పరిచి చుట్టూ మేకులు కొట్టేస్తాడు. అంతా అయ్యాక చూసుకుంటే తన కోటు తివాచీ కిందే ఉండిపోయింది, మధ్యలో ఉబ్బెత్తుగా. మేకులు పీకాలా? ఊహూఁ. కత్తితో తివాచీ మధ్యలో కోసి, కోటు తీసుకుని, ఆ చిరుగు కనపడకుండా పైన చిన్న పట్టా వేసేస్తాడు. అక్కడ మా క్లాసు గోల గోల. ఎందుకంటే ప్రతి ఇంట్లో ఇదే పని జరుగుతుంది. మా ఇంట్లో గోడకి పెచ్చు ఊడిన చోట క్యాలెండర్ వేలాడుతుంది, అది ఏ సంవత్సరందో నాకే తెలియదు.

ఇంకొకటి. హీరోయిన్ స్నానం చేసే సీన్ ఉంటుంది. దాన్ని దాటేద్దామా అని ముందు రోజు చాలా ఆలోచించాను. కానీ అందులో ఏముందంటే, సబ్బు చేయి జారి తొట్టి బయట పడుతుంది. తీసుకోవాలంటే లేవాలి. ఆమె నేరుగా కెమెరా వైపు, అంటే మన వైపు చూస్తుంది. వెంటనే ఎవరిదో చెయ్యి వచ్చి కెమెరాని మూసేస్తుంది. చెయ్యి తీసేసరికి సబ్బు తీసుకుని మళ్లీ తొట్టిలో కూర్చుని ఉంటుంది, నవ్వుతూ. మా ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. నేను అనవసరంగా బెంగపడ్డాను.

#12 డాలస్_పిన్ని (ఆదివారం, సాయంత్రం 6:10)

వాణి గారూ, ఆమె పేరు సిబిల్ సీలీ. కీటన్ చిన్న సినిమాల్లో ఐదింట్లో ఉంది. నాకు ఈ సినిమాలో ఇష్టమైన విషయం చెప్పనా? ఆమె ఒక్కసారి కూడా మొగుణ్ణి తిట్టదు. ఇల్లు వంకరగా లేచినా, వంట పొయ్యి దగ్గర తిప్పలు పడ్డా, వాన ఇంట్లోకి కురిసినా. సుత్తి పట్టుకుని తనూ పని చేస్తుంది. అప్పటి కామెడీల్లో భార్య అంటే అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఇక్కడ ఇద్దరూ ఒక పక్క, ఇల్లు ఒక పక్క.

#13 ఈతరం_కుర్రాడు (ఆదివారం, రాత్రి 8:20)

సరే, మీ అందరి బాధ పడలేక ఇంకో పది నిమిషాలు చూశాను. మ్యూట్‌లో. బెటరే. కారులోంచి కారులోకి మారేటప్పుడు రెండు కార్ల మధ్య కాళ్లు చాపి నిలబడితే, మధ్యలోంచి మోటార్‌సైకిల్ వచ్చి ఎత్తుకుపోతుంది చూడండి, దానికి మాత్రం రివైండ్ కొట్టాను. డూప్ లేడా?

కానీ ఒకటి అడుగుతా. చాప్లిన్ అయితే ఏడిపిస్తాడు కూడా. ఈయనకి ఆ కెపాసిటీ ఉందా?

#14 గోడమీద_పిల్లి (ఆదివారం, రాత్రి 8:31)

చాప్లిన్ ముందు కీటన్ ఎంత? ఇది తేలాల్సిందే.

#15 సివిల్_సూరి (ఆదివారం, రాత్రి 8:35)

తేలక్కర్లేదు.

#16 గోడమీద_పిల్లి (ఆదివారం, రాత్రి 8:36)

చాప్లిన్ ఫ్యాన్స్ ఎక్కడ? హ్యాండ్స్ అప్.

#17 చావిడి_మోడరేటర్ (ఆదివారం, రాత్రి 8:50)

చాప్లిన్ ఎక్కువా కీటన్ ఎక్కువా అనే చర్చకి మన దగ్గర ఇప్పటికే మూడు థ్రెడ్లున్నాయి, మూడూ తాళం వేసి ఉన్నాయి. ఎందుకు వేశామో పాత సభ్యులకి తెలుసు. ఈ థ్రెడ్‌లో ఇల్లు గురించి మాత్రమే. ఈ విషయం మీద వచ్చిన మరో పదకొండు పోస్టులు తొలగించాను. కీటన్ సొంత స్టూడియో ఒకప్పుడు చాప్లిన్ సినిమాలు తీసిన స్థలమే, వాళ్లిద్దరికీ లేని గొడవ మనకెందుకు.

#18 రీలు_డబ్బా (ఆదివారం, రాత్రి 9:15)

డూప్ లేడు బాబూ. ఆయనే. పై అంతస్తులో స్నానాల గది తలుపు తెరుచుకుని బయటికి అడుగేస్తే గాల్లోకి పోతాడు చూడు, ఆ పడటం కూడా ఆయనదే. కింద నేలని తవ్వి, గడ్డి నింపి, పైన పచ్చిక కప్పారు. అయినా దెబ్బ గట్టిగానే తగిలి ఒళ్లు వాచిపోయింది.

ఇంకొకటి గమనించావా? గోడ ముందుకి పడిపోతుంటే కీటన్ కింద నిలబడి ఉంటాడు, కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన మీదుగా వస్తుంది, ఆయన నిలబడినచోట నిలబడే ఉంటాడు. ఈ ఐడియా ఆయన వెంట చాలా ఏళ్లు నడిచింది. 1919లో ఇంకో హాస్యనటుడు ఆర్బకుల్‌తో చేసిన ‘బ్యాక్ స్టేజ్’లో నాటకాల సెట్టింగ్ గోడ, అది తేలికపాటిది, పడుతుంది. 1920లో ఇక్కడ చెక్క గోడ. 1928లో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో నిజం ఇంటి ముందు గోడ అంతా, అంగుళాల తేడాలో. ఒకే జోకుని తొమ్మిదేళ్లు బరువు పెంచుకుంటూ పోయాడు.

ఇది ఆయన సొంతంగా తీసిన సినిమాల్లో మొదట విడుదలైంది. మొదట తీసింది మాత్రం కాదు. ముందు ‘ది హై సైన్’ అని ఒకటి తీశాడు. నచ్చలేదు. పక్కన పడేశాడు. దాన్ని 1921లో గానీ బయటికి వదల్లేదు. మొదటి సినిమా నచ్చలేదని డబ్బాలో పెట్టేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మా హాలుకి వచ్చిన కొన్ని పెట్టెలు అసలు తెరవకుండా ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

#19 పెసరట్టు66 (ఆదివారం, రాత్రి 9:40)

ఇక స్పాయిలర్ మాటలు ఆపలేను. చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి.

రైలు! ఇంటిని పీపాల మీద ఎక్కించి, కారుకి కట్టి అవతలి ప్లాటుకి లాక్కెళ్తుంటారు. సరిగ్గా పట్టాల మీద ఆగిపోతుంది. దూరంగా రైలు. ఎంత లాగినా కదలదు. ఇద్దరూ పక్కకి పరిగెత్తి కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీద నుంచి ఝామ్మని వెళ్లిపోతుంది. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. వాళ్లూ పీల్చుకున్నారు. ఆ తర్వాత...

మూడుసార్లు చూసినా మూడోసారి కూడా మోసపోయాను. ఎలా?

#20 రీలు_డబ్బా (ఆదివారం, రాత్రి 10:05)

నేను చెప్తాను ఎలాగో. క్యాబిన్ కిటికీలోంచి హాలు చూసీ చూసీ నాకు తెలిసిన సంగతి ఒకటుంది. సినిమా అయిపోయిందని జనానికి ఎప్పుడు అనిపిస్తుందో చెప్పులు చెబుతాయి. సీట్ల కింద కాళ్లతో చెప్పులు వెతుక్కునే చప్పుడు వస్తుంది. దర్శకుడు ఎన్ని సీన్లు మిగిల్చుకున్నా సరే, ఆ చప్పుడు వచ్చాక లాభం లేదు.

కీటన్ ఆ చప్పుడు ఎక్కడొస్తుందో లెక్కగట్టాడు. మొదటి రైలు తప్పిపోవడమే ఒక ముగింపు. మంచి ముగింపు. చెప్పులు వెతుక్కుంటారు. ఆ క్షణంలో, రెండో వైపు నుంచి, ఇంకో రైలు. సాగదీయడం లేదు, సూచన లేదు. వచ్చింది, ఇల్లు పొయ్యిలోకి పనికొచ్చే పుల్లలైపోయింది. అది కూడా నిజం రైలే, నిజం ఇల్లే. మళ్లీ తీయడానికి ఇంకో ఇల్లు లేదు.

#21 సివిల్_సూరి (ఆదివారం, రాత్రి 10:20)

దాని తర్వాత వాడు చేసే పని చూడండి. ఆ పుల్లల కుప్ప మీద ‘అమ్మబడును’ అని బోర్డు పెట్టి, నాలుగడుగులు వేసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి, ఇల్లు ఎలా కట్టాలో చెప్పే కాగితం కూడా ఆ బోర్డుకి తగిలించి వెళ్తాడు. కొన్నవాడికి ఇబ్బంది కలగకూడదుగా! ఇంత నిజాయితీ ఉన్న బిల్డర్‌ని నా సర్వీసులో చూడలేదు.

#22 వరంగల్_వాణి (సోమవారం, ఉదయం 7:30)

నిన్న రాత్రి ఒక ఆలోచన వచ్చింది. 1920లో మన దగ్గర సినిమా ఎలా ఉండేదో అని. అప్పటికి మద్రాసులో రఘుపతి వెంకయ్య గారి గెయిటీ థియేటర్ నడుస్తోంది. ఆయన ఊరూరా తిరిగి డేరాల్లో బొమ్మలు చూపించిన మనిషి. మూకీ సినిమాకి భాష అడ్డం కాదు కాబట్టి అమెరికా సినిమా అయినా, బొంబాయి సినిమా అయినా ఒకే డేరాలో ఆడేది. మా పిల్లాడు “మీరు చదవకండి టీచర్” అన్నప్పుడు అదే గుర్తొచ్చింది.

ఇంకో చిన్న ముక్క, సూరి గారి ముహూర్తం మీద. క్యాలెండర్ లెక్కగట్టి చూశాను. 1920 ఆగస్టు 13 నిజంగానే శుక్రవారం. సినిమా విడుదలకి సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు.

#23 సివిల్_సూరి (సోమవారం, ఉదయం 8:02)

లెక్కల టీచర్ అని ముందే అనుమానించాను.

#24 వరంగల్_వాణి (సోమవారం, ఉదయం 8:10)

సోషల్ అండీ.

#25 డాలస్_పిన్ని (సోమవారం, ఉదయం 9:00)

ఇక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఏటా కొన్ని సినిమాలని ఎంచి జాతీయ జాబితాలో చేరుస్తారు, భద్రం చేయాల్సినవి అని. ‘వన్ వీక్’ 2008లో చేరింది. మూకీల్లో ఎక్కువ భాగం నామరూపాల్లేకుండా పోయాయి, ఆ ఫిల్మ్ అగ్గిపుల్లలా అంటుకునేది. ఇది మిగలడం మన అదృష్టం.

కుర్రాడు కనపడటం లేదే? చివరిదాకా చూశావా నాయనా?

#26 ఈతరం_కుర్రాడు (సోమవారం, రాత్రి 9:25)

చూశాను పిన్నీ. ఒక్కణ్ణే కాదు, మా అమ్మతో. టీవీలో పెట్టాను, సౌండ్ లేకుండా. మొదట “సౌండ్ పోయిందేంట్రా, కేబులోడికి ఫోన్ చెయ్” అంది. అలాంటి సినిమా అని చెప్పాను. కూర తరుక్కుంటూ ఓరగా చూడటం మొదలెట్టింది. పియానో వాడి మీద పడ్డ దగ్గర కత్తిపీట పక్కన పెట్టేసింది. ఇంటిని లాగుతుంటే “ఒరేయ్ తాడు తెగుద్దిరా” అని టీవీతో మాట్లాడింది. మా అమ్మ సీరియల్ వాళ్లతో తప్ప ఎవరితోనూ అలా మాట్లాడదు.

మొదటి రైలు వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది పక్కనించి పోగానే “హమ్మయ్య, పాపం బతికిపోయారు, కొత్త సంసారం” అని లేచి, కుక్కర్ మూడో కూత వచ్చిందని వంటింట్లోకి వెళ్లింది. నేను పాజ్ చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు.

స్టవ్ కట్టేసి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ టీవీ వైపు చూసి, “ఇల్లేదిరా?” అంది.